కిలిండిని రేవులో తూకం

నాకు ఈత రాదు.
కప్సబెట్ కొండల్లో, తేయాకు కొనే కేంద్రంలో,
మా నాన్న కాటా పక్కన పీట వేసుకుని
బుట్ట బరువు తీసేసి
ఆకు బరువు రాయడం నేర్చుకున్నదాన్ని.
ఇప్పుడు మొంబాసాలో రేకుల షెడ్డు కింద
మనుషుల్ని తూస్తాను.

ఎక్కు, త్సుమా.
బూట్లు, తూటాలాపే చొక్కా, నిచ్చెన కొక్కేలతో కలిపి
నూట ఇరవై మూడు.
హెలికాప్టర్ ఒప్పుకునేది నూట ఇరవై.
సంచి విప్పు.
విప్పడు. నవ్వుతాడు.
అడుగున ఒక ఇనప పెనం,
ఉప్పుచేప పొట్లం,
కూతురి నోటుపుస్తకంలో సగం గీసిన ఏనుగు.
పెనం తీయించాను.
ఏనుగు నా కంట పడలేదు.

దళమంటే పన్నెండుమంది, రెండు పడవలు, ఒక కుక్క.
కబురందిన ఆరు గంటల్లో
ఏ రేవంటే ఆ రేవులో దిగాలి.
ఫోటోల్లో మాత్రం
నల్ల ముసుగులో తాడు పట్టుకుని ఓడ ఎక్కేవాడే పడతాడు.
అందరూ పల్లకీ ఎక్కేవాళ్లయితే మోసేదెవరు?
అందుకే కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాణ్నీ
మూడు నెలలు బ్యాటరీల గదిలో పెడతాను.
తిట్టుకుంటారు. తిట్టుకోనీ.
ఛార్జి ఎక్కని టార్చిలో ఎంత చీకటి పడుతుందో
ముందు వేళ్లకి తెలియాలి.

ఇదివరకు ఇలా లేదు.
గజ ఈతగాళ్లు ఒక ఆఫీసు కింద,
పడవలు ఇంకో ఆఫీసు కింద,
కుక్క పిలిపిలి ఎవరి కిందో
పిలిపిలికీ తెలియదు.
మూడు రిజిస్టర్లు, మూడు రబ్బరు ముద్రలు,
ఒకే ఒక్క డీజిల్ ట్యాంకు.

ఆ రాత్రి కిలిఫి బయట
ఒక సరుకు పడవ మీదికి దొంగలెక్కారని కబురు.
ఇరవై నిమిషాల్లో పన్నెండుమందీ బెల్టులు బిగించి కూర్చున్నారు.
ఇంజన్లు పొడిగా దగ్గాయి.
ట్యాంకు తాళం తీయాలంటే
నైరోబీలో ఒక పెద్దమనిషి నిద్ర లేవాలి.
ఫోను మోగింది. మోగుతూనే ఉంది.
చివరికి త్సుమా గొడ్డలి తెచ్చాడు.
అప్పటికి రెండు గంటలా పది నిమిషాలు.

తెల్లారాక దొరికాడు సరంగు షీ అథ్మాన్,
ఖాళీ నూనె డబ్బాని కావలించుకుని.
వేళ్లు విడదీయడానికి ఇద్దరు పట్టారు.
డబ్బాకి రెండో పక్క పట్టుకున్నవాడు
ఆయన తమ్ముడు.
ఆ పక్క ఎవరూ లేరు.

విచారణ జరిగింది.
తిలాపాపం తలా పిడికెడు పంచుకుంటే
ఎవరి పిడికిలీ నిండలేదు.
పగిలిన తాళం ఖరీదు మాత్రం
త్సుమా జీతంలో కోశారు.

తరవాత ఏడాది పట్టింది నాకు,
మూడు రిజిస్టర్లని ఒక్కటిగా కుట్టడానికి.
ఎన్ని బల్లల ముందు నిలబడ్డానో,
ఎన్ని చల్లారిన టీలు తాగానో.
ఇప్పుడు ఒకే జాబితా, ఒకే ముద్ర.
చెవి నా మెడలో, ఈలతో పాటు.
స్నానానికీ తీయను.

శుక్రవారం నమాజయ్యాక
సరంగు గేటు దగ్గరికొస్తాడు.
పలకరింపులుండవు.
"చెవి ఇవాళ ఎవరి దగ్గరుంది?"
కాలరు పక్కకి జరిపి చూపిస్తాను.
వెళ్లిపోతాడు.

నిన్న లెక్కల శాఖ నుంచి ఉత్తరం:
పదకొండు నెలలుగా ఏమీ జరగలేదు కదా,
పన్నెండుమంది దేనికి,
ఎనిమిది చాలదా?
ఏమీ జరగకపోవడాన్ని
ఏ కాటా మీద పెట్టి చూపించను?
జవాబు మూడుసార్లు రాసి చించాను.
నాలుగోసారి రాస్తుండగా ఫోను మోగింది.

ఆరు గంటలు.
బోర్డు మీద పేర్లు కదిలాయి.
డీజిలు నిండింది, టార్చీలు వెలిగాయి.
ఎక్కు, త్సుమా.
నూట పంతొమ్మిదిన్నర.
కళ్లు తిప్పుకున్నాడు.

పిలిపిలి పెట్టె
రెండు కిలోలు ఎక్కువ తూగింది.
మూత తెరవలేదు.
బుట్ట బరువని రాసి
సంతకం పెట్టాను.